పుస్తకానికెక్కని కొసరు

మొన్న ఆదివారం మా అమ్మాయి బడిలో చూపించాల్సిన అట్ట మీద పేరు రాసుకుంటూ నల్ల మార్కరు మూత తీసింది. స్పిరిటుకీ గోళ్ళరంగుకీ నడుమ ఎక్కడో ఉండే ఆ ఘాటు వాసన వరండా దాకా వచ్చింది. పేపరు చదువుకుంటున్నవాణ్ణి చదువుతున్న వాక్యం దగ్గరే ఆగిపోయాను. అది గబగబా రాసేసి అట్టను సంచిలో దోపబోతుంటే, "ఆగమ్మా, ఊదు. ఆరకుండా మూస్తే అక్షరం అలికిపోతుంది. అలికిపోయిన అక్షరం రాయని అక్షరం కన్నా ప్రమాదం" అన్నాను. "ఇలాంటివన్నీ నీకెవరు చెప్పారు నాన్నా?" అని నవ్వింది. అది సరదాకే అడిగింది. ఆ మాట నాది కాదు. చెప్పిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆయన గురించి ఎవరికైనా మొత్తం చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెడితే నాకు కాస్త తక్కువలో పోతుందా అని చూసుకుంటూ ఇన్నాళ్ళూ కూర్చున్నాను. బేరగాడి బుద్ధి అంతే.

ఆయన పేరు కూర్మారావు. శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్ళలో గడపకో కూర్మయ్యో కూర్మమ్మో ఉంటారు. వీధిలో నిలబడి ఆ పేరుతో పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఈయన మాత్రం చేస్తున్న పని పూర్తయ్యేదాకా తలెత్తరు. వరి పండించుకునే కుటుంబం. సన్నటి మనిషి, పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో కలానికి బదులు మార్కరు. శ్రీకాకుళం పట్నంలో, పేరు చెప్పనక్కర్లేని ఒక చిన్న కంపెనీలో ఆయన నాకు పైవాడు. నది నీటిని శుభ్రం చేసి గొట్టాల్లో సముద్రం వైపు ఊళ్ళకు పంపే పథకం ఒకటుండేది. ఏ మోటారు ఎప్పుడు తిరగాలి, ఏ వాల్వు ఎంతసేపు తెరుచుకోవాలి, ఏ ట్యాంకులో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయి, ఇవన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ మేము రాసేవాళ్ళం. నౌపడ అవతల ఉప్పుమళ్ళ పక్క ఊళ్ళలో ఎంత లోతు బోరు వేసినా పైకొచ్చేది ఉప్పునీళ్ళే. గొట్టంలో నీళ్ళు రాలేదంటే ఆ పూట తాగడానికి లేవన్నమాటే. అందుకే ఆ మోటార్లను నడిపే కంప్యూటర్లకూ బయటి ప్రపంచానికీ మధ్య, ట్యాంకుల లైన్లు తప్ప, ఒక్క తీగ కూడా ఉండకూడదని నియమం. ఇంటర్నెట్ అన్నది లేదు. "ఎక్కడో కూకున్నోడు సరదాకి ఒక బటను నొక్కితే ఇక్కడ పసిపిల్ల గొంతు ఎండకూడదు" అనేవారు కూర్మారావు గారు.

మాకు రెండు గదులు. బయటి గదిలో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు ఒకే ఒక్కటి. లోపలి గదిలో మేము పనిచేసే కంప్యూటర్లు, మోటార్లను నడిపేవీ అవే. ఫోన్లు గుమ్మం దగ్గర చెక్కపెట్టెలో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఎవరూ మొదటినుంచి చివరిదాకా సొంతంగా రాయరు. ఎవరో రాసిపెట్టిన ముక్కలు తెచ్చుకుని, వాటిమీద మన గోడ కట్టుకుంటాం. ఆ ముక్కల్నే లైబ్రరీలంటాం. ఇంటర్నెట్ ఉన్నవాడికి ఒక లైబ్రరీ తెచ్చుకోవడం ఒక మీట నొక్కినంత పని. మాకు అది పెళ్ళిచూపులంత తతంగం. ముందు చీటీ రాయాలి, ఏ లైబ్రరీ, ఎన్నో వెర్షను, దేనికి అని. కూర్మారావు గారు ఒప్పుకుంటే బయటి గదిలో దించి, రెండు రకాల వైరస్ పరీక్షలు చేసి, సీడీలో ఎక్కించి, దాని మీద మార్కరుతో నంబరు వేసి, మూడుసార్లు ఉఫ్ అని ఊది, పుస్తకంలో రాసి, అప్పుడు లోపలికి తెచ్చేవారు. వాడిన సీడీ నంబరు వరసలో ఇనప బీరువాలోకి పోయేది. పుస్తకమంటే గట్టి అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు, వారానికో పేజీ. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గాని, ఒక్క గొప్ప మాత్రం ఉండేది. "ఈ గది కాలిపోనీ, మునిగిపోనీ. ఈ పుస్తకం, ఆ బీరువా నాకిచ్చీండి. వట్టి మిషన్ల మీద మల్లీ మొత్తం ఒక్క రోజులో నిలబెట్టీగల్ను." కంపెనీలో పైనుంచి కిందిదాకా అందరూ ఆ మాట నమ్మారు. ఆయన కుర్చీ, ఆయన పరువు రెండూ ఆ మాట మీదే నిలబడ్డాయి.

ఇక నేను. రాజాంలో కిరాణా కొట్టు వెనకగదిలో పుట్టి, కొట్టు ముందు పెరిగినవాణ్ణి. అడిగినంత ఇచ్చేవాడు వెర్రివాడు, కావలసినంతే అడిగేవాడు ఇంకా వెర్రివాడు అని మా వీధి వీధంతా నమ్మేది. చేరిన వారంలో నా మొదటి చీటీలో ఇరవై లైబ్రరీలు రాశాను. నాకు కావలసినవి పదకొండు. సగం కొట్టేసినా ఇంచుమించు నాది నాకు దక్కుతుందని లెక్క. ఆయన చీటీని పెన్సిలు కొసతో పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు.

"మీది ఏ ఊరన్నావు?"

"రాజామండి."

"అనుకున్నాను. ఇందల తొమ్మిది అబద్దాలున్నాయి. నాను సెప్పీమంటావా, నువ్వే కొట్టీస్తావా?"

"అబద్ధాలు కావండి, ముందుజాగ్రత్త."

"ముందుజాగ్రత్త ఇంటికాడ పప్పులో సేసుకో. ఈ గదిలోకి వచ్చింది ఏదైనా ఒకడు కూకోని సదవాల. ఆ తొమ్మిదీ నువ్వు సదువుతావేటి, సావుకారూ?"

ఎనిమిది కొట్టేశాను. ఒకటి ఉంచుకున్నాను, బేరంలో పూర్తిగా ఓడిపోవడం మా ఇంటావంటా లేదు కనక. ఆయన పెన్సిలు తిప్పి ఆ ఒకటీ కొట్టేశారు. ఆ రోజునుంచి నా పేరు సావుకారు. అందరి ముందూ అలాగే పిలిచేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఆ పిలుపు వినపడని రోజున ఏదో వెలితిగా ఉండేది.

అప్పటికి నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ విద్య అంతా వెతకడమే. తప్పు వస్తే దాన్ని ఇంటర్నెట్‌లో వెయ్యడం, ఎవడో ఇచ్చిన జవాబు తెచ్చి అతికించడం. లోపలి గదిలో అది కుదరదు గనక, తప్పు వచ్చినప్పుడల్లా దాన్ని అరచేతి మీద రాసుకుని బయటి గదికి పరిగెత్తేవాణ్ణి. అక్కడ జవాబు చూసి, రెండో అరచేతి మీద రాసుకుని వెనక్కి వచ్చేవాణ్ణి. చెమటకి సగం చెరిగిపోయేది. మళ్ళీ పరుగు. ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"పొద్దుట్నించి ఎన్నిసార్లు ఎల్లావు బయటికి?"

"ఐదారుసార్లండి."

"పదకొండు. సెప్పులరిగిపోతాయి గాని జవాబు దొరకదు. అది నీ ముందే ఉన్నాది. ఆ లైబ్రరీ లోపల ఏటి రాసుందో ఎప్పుడైనా తెరిసి సూసావేటి?"

"అది వేరేవాళ్ళు రాసిందండి, మనకెందుకు?"

"వేరేవోల్లు రాసిందనీసి ఉత్తరం సదవకుండానే సంతకం ఎట్టీస్తావేటి? కూకో."

రెండు రోజులు కూర్చున్నాను. వరస తర్వాత వరస, ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి రాసింది చదివాను. మొదటి రోజంతా ఆయన మీద కోపంతో చదివాను. రెండో రోజు మధ్యాహ్నానికి కోపం మరిచిపోయి చదువుతున్నాను. తప్పు దొరికింది. అది లైబ్రరీది కాదు, నాదే. తేదీని తిరగేసి పంపిస్తున్నాను. ఆయనకు చెబితే శభాష్ అనలేదు. టిఫిను డబ్బా మూతలో ఇన్ని ఉడకబెట్టిన వేరుశనగకాయలు పోసి నా వైపు తోశారు. ఇవాళ నాకు ఈ పనిలో ఏమాత్రం తెలివి ఉన్నా, అది ఆ రెండు రోజుల్లో, ఆ గదిలో, బయటికి పోయే దారి లేక అబ్బింది. దారులన్నీ తెరిచి ఉంటే నేను ఈనాటికీ అరచేతుల మీదే రాసుకుంటూ ఉండేవాణ్ణి.

మా ఇద్దరికీ నవ్వు కుదిరింది మాత్రం ఇంకొక పనిలో. ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఒక పొడుగాటి గుర్తు ఉంటుంది, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన అరవై నాలుగు ముక్కలది. ఫైలులో చుక్కంత తేడా వచ్చినా ఆ గుర్తు మారిపోతుంది. బయట చూసిన గుర్తూ లోపల చూసిన గుర్తూ ఒకటేనా అని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు సరిచూడాలి. ఒకరోజు నేను చదువుతున్నాను. "సి, నాలుగు, లాభం, ఎఫ్, ఆరున్నొకటి..." ఆయన కళ్ళద్దాలు తీసేశారు.

"ఏటది? వడ్లు కొలుస్తన్నావేటి?"

అప్పటిగ్గాని నాకు తెలియలేదు. మా కొట్లో కుంచంతో కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొకటి అంటారు. చిన్నప్పటినుంచి పైకి లెక్కపెట్టడమంటే నా నోటికి అదే. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆయన కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. "మా తాత కళ్ళంలో ఇలాగే కొలిసేవోడురా. మల్లీ ఇన్నాల్లకి ఇన్నాను. సదువు, అలాగే సదువు." ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడూ అలాగే చదువుకున్నాం. కొత్తగా చేరినవాళ్ళు అదేదో రహస్య భాష అనుకునేవారు.

అసలు కన్నా కొసరు ముద్దు అని మనవాళ్ళంటారు. తూకం అయిపోయాక, పొట్లం కట్టబోయే ముందు కొనేవాడు చెయ్యి చాపితే ఇంకో గుప్పెడు వేస్తారే, అదే కొసరు. మా నాన్న ఎవరికీ కొసరు లేదనలేదు. దాన్ని చిట్టాలో రాసిందీ లేదు. రాస్తే అది సరుకవుతుంది గాని కొసరవదు. ఎక్కాలు రాకముందే నాకు ఈ సంగతి వచ్చు. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఈ చిన్న అలవాటులోంచే వచ్చింది.

ఒక శనివారం మధ్యాహ్నం. కూర్మారావు గారు విశాఖపట్నం బస్సు అందుకోవాలి. ఆయన భార్య నారాయణమ్మ గారికి మర్నాడు కంటి ఆపరేషను. ఆ వారం సరుకు పది లైబ్రరీలూ సీడీలకెక్కి, పుస్తకంలో పడి, బీరువాలోకి వెళ్ళిపోయాయి. సరిగ్గా అప్పుడు నాకు ఇంకొకటి కనిపించింది. దూరాన ట్యాంకుల్లో నీళ్ళు ఎంత ఉన్నాయో మాకు చేరవేసే లైబ్రరీ ఒకటి మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ట్యాంకునుంచి వచ్చే లైను మధ్యలో తెగితే, అది జవాబు కోసం ఎదురుచూస్తూ అలా బిగుసుకుపోతుందట. కొత్త వెర్షనులో ఆ లోపం సరిచేశారట. తొందరేమీ లేదు. అప్పటిదాకా మాకు అలా జరగలేదు కూడా. కళ్ళబడింది గనక కావాలనిపించింది, అంతే.

"సోమారం సూద్దుం" అన్నారు, సంచి భుజాన వేసుకుంటూ.

"గోరంతది గురూ గారూ."

"గోరంతైనా సీటీ ఉండాల, నంబరుండాల, పుస్తకంలో ఉండాల."

"అసలంతా ఇచ్చి కొసరు దగ్గర చెయ్యి ముడుచుకుంటే ఆ కొట్టుకి మళ్ళీ ఎవరొస్తారండీ?"

ఆయన గడియారం చూశారు. నా ముఖం చూశారు. "నీ బేరం తగలెయ్య" అని నవ్వి, సంచి దించి బల్ల మీద పెట్టారు. పరీక్షలు చేశారు. గుర్తు నాతో కలిసి చదివారు. విడిగా ఒక సీడీలో ఎక్కించి నా చేతికిచ్చారు. దాని మీద నంబరు వెయ్యలేదు, పుస్తకంలో వరస పడ్డాకే నంబరు గనక. బస్సుకు వేళైంది. అప్పుడు పుస్తకం ఉండే సొరుగు తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టారు. "సీటీ నువ్వే రాసి, పుస్తకంలో నువ్వే ఎక్కించి, నంబరేసి బీరువాలో ఎట్టు. మర్సిపోకు." అన్నేళ్ళలో ఆ పుస్తకం మీద ఆయనది తప్ప ఇంకో చేతిరాత పడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి గర్వపడ్డాను కూడా.

కొత్త వెర్షను ఆ సాయంత్రమే పెట్టేశాను. అది చక్కగా పనిచేసింది. పుస్తకంలో మాత్రం రాయలేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు గాని, మనసు అసలు దాన్ని రాయాల్సిన వస్తువుగా చూడలేదు. సోమవారం ఆయన వచ్చీరాగానే, "పుస్తకంలో ఎక్కించావా?" అని అడిగారు. "ఎక్కించానండి" అన్నాను, సాయంత్రంలోగా రాసేద్దామనుకుని. ఆయన పుస్తకం తెరిచి చూడలేదు. నా మాట చాలనుకున్నారు. సాయంత్రం ఇంకేదో పని వచ్చింది. నంబరు లేని సీడీకి బీరువాలో చోటు లేదు. కొన్నాళ్ళు నా సొరుగులో పడుంది, తర్వాత రాజాం తీసుకెళితే మా నాన్న దానికి దారం కట్టి బియ్యం బస్తాల మీద వేలాడదీశాడు. ఆ మెరుపుకి పిచ్చుకలు బెదురుతాయట.

ఏడాది గడిచింది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన లేచి, మా ఆఫీసు మీదే పిడుగు పడినంత పని అయింది. లోపలి గదిలో ఉన్న కంప్యూటర్లూ, వాటి నకళ్ళు దాచిన డిస్కులూ అన్నీ మాడిపోయాయి. హైదరాబాదునుంచి మేనేజరు దిగాడు. కొత్త మిషన్లు తెప్పించారు. కూర్మారావు గారు పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి బీరువా తెరిచారు. నేను పుస్తకంలోంచి ఒక్కో వరస చదవాలి, ఆయన ఆ నంబరు సీడీ తీసి ఎక్కించాలి. మేనేజరు మా వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక ఆ ట్యాంకుల లైబ్రరీ వరస వచ్చింది. పుస్తకంలో ఉన్నది పాత వెర్షను. నా వేలు ఆ వరస మీదే ఉండిపోయింది.

"ఊఁ, తర్వాత?" అన్నారు ఆయన, తలెత్తకుండా.

నేను పాత వెర్షను నంబరు చదివాను. తర్వాత దాని కింది వరస చదివాను.

సాయంత్రానికి మొత్తం నిలబడింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. కూర్మారావు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఉన్నదున్నట్టే నిలబెట్టాను సార్. పుస్తకంలో ఏటున్నాదో మిషన్లో అదే ఉన్నాది" అన్నారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చెబితే బాగుండదు, రేపు చెబుదాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున మోటార్లు ఆగిపోయాయి. గాలివానకి ట్యాంకుల లైన్లు దెబ్బతిని, గంటకోసారి తెగి మళ్ళీ కలుస్తున్నాయి. తెగిన ప్రతిసారీ ఆ పాత లైబ్రరీ బిగుసుకుపోయి మొత్తాన్ని ఆపేస్తోంది. మళ్ళీ మొదలుపెడితే రెండు గంటలు నడిచి మళ్ళీ ఆగేది. అలా నాలుగు రోజులు. సముద్రం వైపు ఊళ్ళకు ట్యాంకర్లతో నీళ్ళు పంపారు, అవి ఏ మూలకీ సరిపోలేదు. ఆఫీసు ఫోను నేనెత్తితే ఒకావిడ, "బాబూ, నీల్లెప్పుడొస్తాయి? ఇంట్లో సంటిది ఉన్నాది, బోరు నీల్లు తాగించీమంటారేటి?" అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండును. కూర్మారావు గారికి గది మీద అనుమానమే రాలేదు. ఏడాదిగా ఆగకుండా నడిచిందేదో అదే ఇప్పుడూ నడుస్తోందని పుస్తకం చెబుతోంది. కాబట్టి తప్పు బయటే ఉండాలి, తీగల్లోనో ట్యాంకుల్లోనో. ఒక్క పుస్తకాన్ని నమ్మినందుకు మిగిలిన లోకాన్నంతా అనుమానించాల్సొచ్చింది ఆయనకు. ట్యాంకు తర్వాత ట్యాంకు నౌపడ దాకా తిరిగారు. వెంట నేనూ ఉన్నాను. ఒక్క వాక్యం చెబితే చాలు, అరగంటలో అంతా సర్దుకునేది. మొదటి సాయంత్రం చెప్పి ఉంటే ఒక తిట్టుతో పోయేది. గంట గంటకీ దాని ధర పెరుగుతుంటే, రేపు తగ్గుతుందేమోనని చూసే వెర్రి వ్యాపారిలా కూర్చున్నాను.

నాలుగో రోజు నేనే దాన్ని "కనిపెట్టాను". బయటి గదిలో కాసేపు కూర్చుని వచ్చి, ఫలానా లైబ్రరీలో లోపం ఉందట సార్, కొత్త వెర్షను తెచ్చి పెడదాం అన్నాను. పెట్టాం. మోటార్లు ఆగలేదు. మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కూర్మారావు గారు కొత్త వెర్షను నంబరు ఉన్న కాగితాన్ని చాలాసేపు చూశారు. తర్వాత పుస్తకం తెరిచి ఏడాది కిందటి ఆ శనివారం పేజీకి వెళ్ళారు. పది వరసలు. వాటి కింద ఖాళీ. ఆ ఖాళీ మీద వేలు ఒకసారి అటూ ఇటూ పోనిచ్చి మూసేశారు.

మేనేజరు తెలివైనవాడే. "లోపం ఉన్నదే ఏడాదిగా నడిస్తే, లైను ఎప్పుడూ తెగలేదా ఈ ఏడాదిలో?" అన్నాడు. 

"తెగింది సార్. ఏడాది నడిసింది కొత్తదే. పుస్తకంలో ఎక్కనేదు" అన్నారు కూర్మారావు గారు.

"ఎవరు తెచ్చారు లోపలికి?"

"నానే. నా సేత్తోనే ఎక్కించాను. పుస్తకం నాది, తప్పు నాదే సార్."

ఆ మాట తర్వాత ఆయన కాసేపు ఆగారు. మేనేజరు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు, బల్ల వైపు చూస్తూ నిలబడ్డారు. అంతసేపు ఎందుకు ఆగారో ఇప్పుడు తెలుస్తోంది. అది నాకు వదిలిన చోటు. నేను బూట్ల లేసులు చూసుకుంటూ ఉండిపోయాను. వారంలో ఆయన్ని లోపలి గదినుంచి తీసేసి, ఏటి ఒడ్డున పంపుహౌసులో మీటర్లు చూసి రాసే పనికి పంపారు. ఉద్యోగం ముగిసేదాకా అక్కడే. ఆయన కుర్చీ నాకిచ్చారు. తాళంచెవులు అప్పగిస్తూ, "బీరువా రెండో తలుపు కాస్త ఎత్తి తియ్యాలి బాబూ" అన్నారు. సావుకారు అనలేదు.

ఆయన రిటైరైన రెండేళ్ళకి, ఒక మిఠాయి పెట్టె పట్టుకుని శ్రీకూర్మం పక్కనున్న వాళ్ళ ఊరు వెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. పెరట్లో వంగమొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. మునుపటి కన్నా సగమయ్యారు. నారాయణమ్మ గారు మజ్జిగ తెచ్చారు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అడిగారు.

"పుస్తకంలో ఆ లైను రాసావా?"

"రాశాను గురూ గారూ." ఎందుకన్నానో తెలియదు. అలవాటున వచ్చేసింది.

"తేదీ ఏటి ఏసావు?"

అబద్ధానికి తేదీ కూడా కావాలని నాకు తోచలేదు. "ఆ శనివారందే వేశాను."

"తప్పు. ఎనక తేదీ ఎయ్యకూడదు. రాసిన రోజుదే ఏసి, ఫలానా రోజుది ఆలీసంగా రాస్తన్నాననీసి కిందన రాయాల. పేరు ఎవులది?"

"నాదే. తేదీ మార్చేస్తానండి."

"ఊఁ" అని చివరి మొక్కకి కూడా నీళ్ళు పెట్టారు. తర్వాత, "మజ్జిగ తాగు సావుకారూ, ఎండలో వచ్చావు" అన్నారు. పోయిన పిలుపు అలా తిరిగొచ్చింది, రాయని ఒక వరసకి బదులుగా. ఇంత లాభసాటి బేరం నేను ఎప్పుడూ చెయ్యలేదు. తిరిగొచ్చి పుస్తకం తెరిచాను. నా కింద పనిచేసేవాళ్ళంతా ఆ పుస్తకం చూస్తారు, పేరు చదువుతారు. మూసేశాను.

ఆయన గుండె ఆగి పోయారని నాకు ఆలస్యంగా తెలిసింది. పదో రోజుకి వెళ్ళాను. నారాయణమ్మ గారు అంతమందిలోనూ నన్ను గుర్తుపట్టి పక్కకి పిలిచారు. "మీరొచ్చి ఎల్లిననాడు ఆయన బాగా తిన్నారు బాబూ. 'సావుకారు రాసీసాడే. పుస్తకం ఇప్పుడు సరిగ్గా ఉన్నాది' అనీసి రెండు మూడు మాట్లు అన్నారు. ఏ పుస్తకమో నాకేటి తెలుసు గాని, మనిసి నిమ్మళించాడు." ఆవిడ నాకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను. అటునుంచి అటే ఆఫీసుకి వెళ్ళి ఆ వరస రాశాను. రాసిన రోజు తేదీ వేశాను. ఆలస్యంగా రాస్తున్నానని, తెచ్చింది ఎవరడిగితేనో, రాయనిది ఎవరో కింద రాశాను. మేనేజరుకి ఫోను చేసి చెప్పాను. ఆయన కాసేపు విని, "పోయినవాడి మీద ప్రేమకొద్దీ అన్నీ నెత్తినేసుకుంటున్నావు. మంచి మనసయ్యా నీది" అన్నాడు.

అదీ నా శిక్ష. మా కంపెనీలో కొత్త బ్యాచీ చేరినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కథ చెబుతారు, నాలుగు రోజులు ఎవరికీ అంతుపట్టని లోపాన్ని సారు ఒక్క చూపులో పట్టేశారని. ఇప్పుడు ప్రతిసారీ నేను లేచి, అలా కాదు, ఇలా జరిగింది అని మొత్తం చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. ఎంత నిగర్వి అనుకుంటారు. నిజం చెప్పిన కొద్దీ నా పేరు ఇంకా పెరుగుతోంది. ఒక్కసారైనా దాన్ని చవగ్గా వదిలించుకోలేకపోయాను.

పోయిన నెల చేరినవాళ్ళలో టెక్కలి వైపు అమ్మాయి ఒకతె ఉంది. అందరూ నవ్వాక, తను మాత్రం నవ్వకుండా చెయ్యెత్తింది. "అయితే సార్, ఆ నాలుగు రోజులూ ఆయన ట్యాంకులు తిరుగుతుంటే మీరేటి సేసారు?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. చెప్పాను. పిల్లలు ఎక్కెయ్యకుండా ట్యాంకులకి కింది మెట్లు కోసేసి ఉంచుతారు. అందినంత ఎత్తుదాకా వెదురు నిచ్చెన వేసుకుని, అక్కణ్ణుంచి ఇనప మెట్లు పట్టుకుని పైకి పోవాలి. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, మే నెల ఎండలో, ప్రతి ట్యాంకూ ఎక్కి, పైనున్న పరికరం విప్పి చూసి, ఏ లోపమూ లేదని తల అడ్డంగా ఊపుతూ దిగారు. "నేను కింద నిచ్చెన పట్టుకున్నానమ్మా" అన్నాను. "ఎక్కే ముందు ప్రతిసారీ, 'గట్టిగా పట్టుకో సావుకారూ, నిన్ను నమ్మి ఎక్కుతన్నాను' అనేవారు. పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను."